చెమట పట్టని మంచు

కొండమీది ఆసుపత్రి
ఎండాకాలం మొదట్లో

అత్తా,

చేరాను. కాళ్ళూ చేతులూ అన్నీ సరిగానే ఉన్నాయి, నడుమే బస్సులో మర్చిపోయి వచ్చినట్టుంది. ఇక్కడ ఫోను అందదు, కాబట్టి ఇకనుంచి మనకు ఉత్తరాలే గతి. నీకు సంతోషమే కదా. నీ మాట పూర్తికాకుండానే అడ్డు తగులుతానని ఎప్పుడూ తిడతావు. ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకో, అడ్డుపడే దారి నాకు లేదు.

ఆసుపత్రి అంటే రెండు గదులు. ఒకదాంట్లో బల్ల, తూకం, మందుల అలమర. రెండోదాంట్లో మంచం, దాని కింద నాకు ముందున్న నర్సు వదిలేసి వెళ్ళిన ఒంటి చెప్పు. ఆవిడ వెళ్ళి చాలా ఏళ్ళయిందట. అప్పటినుంచి ఈ ఊళ్ళో ఏ బిడ్డకూ టీకా పడలేదు. ఫ్రిజ్ ఉంది గానీ పనిచెయ్యదు. అందులో దూది దాచుకుంటున్నాను.

ఉండటానికి దర్జీ వాళ్ళ మేడమీద గది ఇచ్చారు. దర్జీ మాట్లాడటం బహు తక్కువ, ఆయన వాటా కూడా భార్యే మాట్లాడేస్తుంది. వాళ్ళకు నాలుగేళ్ళ కవల ఆడపిల్లలు. ఒకతి గుండ్రంగా ఉంటుంది, దాన్ని బొత్తాం అంటారు. రెండోది సన్నగా ఉంటుంది, దారం. అసలు పేర్లు వేరే ఉన్నాయట గానీ తల్లే కాసేపు ఆలోచించి చెప్పాల్సి వచ్చింది. బొత్తాం వచ్చినరోజే నా ఒళ్ళో ఎక్కి కూర్చుంది. దారం గుమ్మం దగ్గరే నిలబడి, నేను మనిషినో కాదో తేల్చుకుంటున్నట్టు చూసింది.

టీకా అంటే ఇక్కడ హడలు. "బాగున్న బిడ్డకు జ్వరం తెప్పించే సూది మాకెందుకమ్మా?" అంటారు. ఇంటింటికీ తిరిగి చెప్పి చెప్పి నోరు పడిపోయింది. చివరికి మా దర్జీ ఒక్కడే ఒప్పుకున్నాడు. "మా పిల్లలకు ముందు వెయ్యండి. వీధిలో, అందరూ చూస్తుండగా వెయ్యండి. తర్వాత వాళ్ళే వస్తారు" అన్నాడు. ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి రావడం చూసి భార్య చేతిలో పని వదిలేసి అలా ఉండిపోయింది.

ఇప్పుడు నీకో ప్రశ్న. కంఠసర్పికీ, కోరింత దగ్గుకీ, ధనుర్వాతానికీ కలిపి వేసే టీకా మందు నేనే దిగువ పట్నంలోని శీతల గది నుంచి తెచ్చుకోవాలి. చల్లపెట్టెలో చుట్టూ మంచు పలకలు, మధ్యలో సీసాలు. ఆ మంచు పలకలను ఫ్రీజర్లోంచి తియ్యగానే పెట్టెలో పెట్టకూడదని మాకు చదువులో చెప్పారు. కాసేపు బల్లమీద పెట్టాలి. పలకకు చెమట పట్టాలి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడే సర్దాలి అన్నారు. ఎందుకో కూడా చెప్పే ఉంటారు, ఆ పూట నేను కిటికీలోంచి చూస్తున్నట్టున్నాను. కానీ ఇక్కడికి రోజుకు ఒకటే బస్సు. శీతల గది తలుపు తీసేసరికే అది బయలుదేరడానికి హారన్ కొడుతుంటుంది. చెమట పట్టేదాకా కూర్చుంటే బస్సు పోతుంది. పైగా ఈ ఎండ! సగం కరిగిన మంచుతో కొండెక్కేసరికి మందు వేడినీళ్ళు అవుతుందని నా భయం.

జీవితమంతా మందు మోసిన మనిషివి. ఏం చెయ్యమంటావు?

నీ పిచ్చుక


రైలు కట్ట పక్క ఇల్లు

నా పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత ఒళ్ళు మండింది. నవ్వింది నీ నడుము గురించి, మండింది మీకు చదువు చెప్పినవాళ్ళ గురించి. మండుటెండలో మంచును బల్లమీద పెట్టి, కరుగుతుంటే చూస్తూ కూర్చోవాలా? వాళ్ళు ఫ్యాను కింద కూర్చుని చెప్పారు. నేను ఎండలో నడిచి చెబుతున్నాను.

చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నా విను. మంచు రాయిలా ఉండగానే పెట్టెలో పెట్టు. కింద మంచు, పైన మంచు, నాలుగు వైపులా మంచు. సీసాలను మధ్యలో పాతిపెట్టు. పెట్టె తెరవగానే నీ వేళ్ళు జివ్వుమనాలి. జివ్వుమనలేదంటే ఆ మందు చచ్చిందన్నమాటే. మందుకు శత్రువు ఒక్కడే, ఎండ. పోలియో చుక్కలు మోసినన్నాళ్ళూ నేను చేసింది ఇదే. ఒక్కోసారి చుక్కల మందు గడ్డకట్టి సీసాలో రాయిలా ఉండేది. అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించి వేసేదాన్ని. ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. వీధి పిల్లలు నన్ను చుక్కలమ్మా అని ఊరికే పిలిచారా?

మీ నాయనమ్మ ముఖం నీకు గుర్తుందో లేదో. మశూచి ఆవిడ ముఖమంతా గుంటలు చేసి, ఒక కన్ను పట్టుకుపోయింది. ఆవిడ అన్నలిద్దరినీ అసలు మిగల్చనే లేదు. అందుకే మశూచి టీకాలకు ఆడపిల్లలు కావాలన్నప్పుడు మా అమ్మే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అప్పగించింది. రెండు మొనల సూది ఒకటి చేతికిచ్చారు. దాన్ని మందులో ముంచి భుజంమీద చకచకా పొడవాలి. ఎన్ని ఊళ్ళు తిరిగామో! కుక్కల్ని ఉసిగొల్పారు, నీళ్ళు కుమ్మరించారు, ఒకావిడ నా జడ పట్టుకుని వీధి చివరిదాకా లాక్కెళ్ళింది. అయినా పొడిచాం. ఎప్పుడో పాలు పితికేవాళ్ళకు ఆవుల నుంచి అంటుకున్న పొక్కులు చూసి, వీళ్ళకు మశూచి ఎందుకు రావడం లేదా అని ఒక డాక్టరుకు తోచిందట. అక్కడ మొదలైన పని మా చేతులమీదుగా ముగిసింది. ఆ రోగం ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. అలా చెప్పుకోగల పని మనుషులు ఇంకేం చేశారు చెప్పు?

కాబట్టి వాళ్ళు తిట్టినా పడు. జడ మాత్రం గట్టిగా ముడివేసుకో. ఆ దర్జీకి నా నమస్కారాలు చెప్పు. ఆ గుండ్రటి పిల్లకు నా తరఫున ఒక ముద్దు.

మీ అమ్మా నాన్నా పోయాక నిన్ను పెంచి ఏం సాధించానని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. ఇదిగో, ఇది సాధించాను.

అత్త


కొండమీది ఆసుపత్రి
వానాకాలం

అత్తా,

అయిపోయింది! మూడో విడత కూడా అయిపోయింది. ఊళ్ళో ఏడేళ్ళలోపు పిల్లల్లో ఇద్దరో ముగ్గురో తప్ప అందరికీ మూడు సూదులూ పడ్డాయి. ఈ ఉత్తరాన్ని గంతులేస్తూ రాస్తున్నాననుకో, అందుకే అక్షరాలు వంకర.

మొదటి రోజు దర్జీ తన కొట్టు ముందు బల్ల వేసి, దానిమీద తెల్లగుడ్డ పరిచాడు. వీధంతా వచ్చి దూరంగా నిలబడింది. దారం అప్పటికే బీరువా వెనక దూరింది. బొత్తాం మాత్రం చొక్కా చెయ్యి తనే పైకి లాక్కుని కూర్చుంది. సూది దిగగానే నోరు తెరిచింది. ఏడుస్తుందనుకున్నా. "అంతేనా?" అంది. తర్వాత లేచి వీధిలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి భుజం చూపించి, "నాకు అయిపోయింది, నీకు కాలేదు" అని వెక్కిరించింది. అత్తా, నేను నెలంతా తిరిగి చెప్పినదానికంటే ఆ పిల్ల వెక్కిరింతే ఎక్కువ పనిచేసింది. రొట్టెలు కాల్చేవాడు తన కొడుకును ఎత్తుకొచ్చాడు. ఆ వెనక చెప్పులు కుట్టేవాడి ఇల్లు, ఆ వెనక అందరూ.

మంచు నువ్వు చెప్పినట్టే. ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పెట్టెలోకి, పెట్టెతో నేరుగా బస్సులోకి. పైకొచ్చి మూత తీస్తే సీసాలు మంచుకు అతుక్కుపోయి ఉండేవి. కలం వెనక మొనతో పొడిచి ఊడదీసేదాన్ని. అందరికీ తాకించి చూపించాను, "చూడండి, మీ పిల్లల మందు ఎంత భద్రంగా తెచ్చానో" అని. మందు కరిగాక అడుగున తెల్లటి నలకలు కనపడేవి. గట్టిగా ఊపితే కలిసిపోయేవి. వేళ్ళు జివ్వుమనడం కాదు, మొద్దుబారిపోయాయి. సంతోషించావా?

దర్జీ నాకొక చొక్కా కుట్టిచ్చాడు. కొలతలు తీసుకోలేదు. "రోజూ మెట్లెక్కుతుంటే చూస్తున్నాం కదా" అన్నాడు.

నీ పిచ్చుక


రైలు కట్ట పక్క ఇల్లు

పిచ్చుకా,

నీ ఉత్తరాన్ని మందుల కొట్టువాడికి చదివి వినిపించాను. పక్కింటావిడకు రెండుసార్లు వినిపించాను. ఇప్పుడు నన్ను చూస్తే తలుపేసుకుంటోంది.

మశూచి రోజుల్లో ఇలాంటి ఒక్క బొత్తాం నాకు దొరికి ఉంటే నా జడ సగం ఊడేది కాదు. దాన్ని ఒకసారి చూడాలనుంది. చలి తగ్గాక వస్తాను, ఆ మేడమీద నాకూ కాస్త చోటు అడిగి ఉంచు.

మోకాళ్ళు పలకడం లేదు. మిగతా అంతా పొగరుగా ఉంది.

అత్త


కొండమీది ఆసుపత్రి
చలికాలం

అత్తా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

రొట్టెలు కాల్చేవాడి కొడుకు పోయాడు. ముందు గొంతు నొప్పి, కొద్దిగా జ్వరం. జలుబే అనుకున్నారు. నా దగ్గరికి తెచ్చేసరికి మెడ ఉబ్బిపోయింది. నోరు తెరిచి దీపం వేసి చూశాను. గొంతులో బూడిదరంగు పొర, వెనకదాకా పరుచుకుని ఉంది. అంతకుముందు పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూశాను. కంఠసర్పి. కానీ ఈ పిల్లవాడికి మూడు సూదులూ నేనే వేశాను కదా! అందుకని నా కళ్ళనే నమ్మకుండా మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ తర్వాత చెప్పులు కుట్టేవాళ్ళ ఇంట్లో ఒకరు. ఆ పిల్లకూ టీకా పడింది.

ఆ తర్వాత బొత్తాం.

దర్జీ దాన్ని భుజాన వేసుకుని, బస్సు కోసం ఆగకుండా దిగువకు నడిచాడు. నేను వెనక పరిగెత్తాను. పట్నం ఆసుపత్రిలో ఆ జబ్బు విషానికి విరుగుడు మందు లేదు. వేరే ఊరి నుంచి రావాలన్నారు. కబురు పంపారు. బొత్తాం ఊపిరి తీసుకుంటుంటే వరండా చివరిదాకా వినిపించేది. దానికి మాట రావడం లేదు. నన్ను చూసి చొక్కా చెయ్యి పైకి లాక్కుని భుజం చూపించింది. నాకు అయిపోయింది కదా అని చెప్పడానికో, ఇంకోటి వెయ్యమని అడగడానికో, నాకు తెలియదు. విరుగుడు మందు వచ్చేసరికి అది లేదు.

నేను ఇంకా దర్జీ వాళ్ళ మేడమీదే ఉన్నాను. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోతున్నాను. వీధిలో మాత్రం అంటున్నారు. టీకా వేసుకోని ఆ ఇద్దరు ముగ్గురూ బాగానే ఉన్నారు, వేసుకున్నవాళ్ళే పోతున్నారు అని. సూదితోనే రోగం ఎక్కించానని ఒకావిడ నా ముఖంమీదే అంది. దారం, మిగతా పిల్లలు నోటిలో వేలు పెట్టుకున్నా నా గుండె జారిపోతోంది. జబ్బు ఇంకొకరికి అంటకుండా ఇంటింటికీ మాత్రలు పంచుతున్నాను. కొందరు మింగుతున్నారు, కొందరు నేను వీధి మలుపు తిరగగానే పారేస్తున్నారు.

అత్తా, నాకు నిజం చెప్పు. ఈ మందు పనిచేస్తుందా? లేక మనం ఇన్నేళ్ళుగా ఒకరినొకరు నమ్మించుకుంటూ వచ్చామా? నువ్వు పనిచేస్తుందంటే నమ్ముతాను. వెంటనే రాయి.

పిచ్చుక


రైలు కట్ట పక్క ఇల్లు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఒంట్లో బాగాలేదు.

ఏ మందైనా అందరి ఒంటికీ ఒకేలా పట్టదు. కొందరికి పట్టదు, అంతే. అది ఎవరి తప్పూ కాదు. నీ తప్పు అసలే కాదు, ఆ మాట ఒట్టేసి చెబుతాను. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు.

ఇక అక్కడ ఉండొద్దు. ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి వచ్చెయ్యి. ఇక్కడ ఏదో ఒక ఆసుపత్రిలో పని దొరుకుతుంది. నీ గది అలాగే ఉంది, దుప్పట్లు ఉతికించి పెట్టాను. ఆ ఊరి సంగతి ఇంకెవరైనా చూసుకుంటారు.

వచ్చేముందు ఒక పని చెయ్యి. మిగిలిన సీసాలు ఏవైనా ఉంటే పారెయ్యి. ఒకవేళ ఈలోపు కొత్త మందు తేవాల్సి వస్తే, మంచు పలకలు కాసేపు బయట పెట్టి అప్పుడే సర్దుకో. ఎండలు తగ్గాయి కదా, తొందరేమీ లేదు.

త్వరగా వచ్చెయ్యి తల్లీ.

అత్త


కొండమీది ఆసుపత్రి

అత్తా,

నీ ఉత్తరంలో ఒక్క వెక్కిరింత లేదు. నాకు ఊహ తెలిసిన తర్వాత నువ్వు నన్ను "అమ్మా" అని పిలిచింది రెండుసార్లే. నాన్న పోయినరోజు, అమ్మ పోయినరోజు. అందుకని మళ్ళీ చదివాను.

మంచు కాసేపు బయట పెట్టమన్నావు. ఎండలు తగ్గాయి కాబట్టి అన్నావు. ఎండలో మంచును కాపాడాలని నువ్వే అన్నావు, సరే. ఎండ తగ్గితే కాపాడక్కర్లేదు, అదీ సరే. కానీ పనిగట్టుకుని బయట పెట్టడం ఎందుకు? పలక చల్లగా ఉంటే ఇప్పుడు నష్టమేమిటి? పారెయ్యమన్నావు, ఏం పాడైందని పారెయ్యాలి? పనిచేయని ఈ ఫ్రిజ్‌కు ఆనుకుని కూర్చుని ఆలోచిస్తుంటే, ఆ రోజు నేను కిటికీలోంచి చూస్తూ సగం విన్న పాఠం అప్పుడు గుర్తొచ్చింది. గడ్డకట్టిన సీసాను ఎలా కనిపెట్టాలో చెప్పారు ఆ పాఠంలో.

పట్నం వెళ్ళి శీతల గది నుంచి మంచి సీసా ఒకటి తెచ్చాను. నా దగ్గర మిగిలిన సీసాలూ బల్లమీద పెట్టాను. అన్నిటినీ గట్టిగా ఊపి, వరసగా నిలబెట్టి, చూస్తూ కూర్చున్నాను. మంచి సీసా పలచటి పాలలా తెల్లగా అలాగే ఉండిపోయింది. నా సీసాల్లో నలకలు నలకలుగా విడిపోయి, నా కళ్ళముందే అడుక్కి దిగిపోయాయి. పైన నీళ్ళు తేటగా మిగిలాయి. అన్నిటిలోనూ అంతే.

ఈ మందుకు ఎండ కంటే మంచు ఎక్కువ శత్రువు. గడ్డకడితే చచ్చిపోతుంది. మళ్ళీ కరిగితే చూడటానికి మందులాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. చుక్కల మందు వేరు, ఇది వేరు. నేను మూడు విడతలూ పిల్లలకు వేసింది ఏమీ లేని నీళ్ళు.

నీకు తెలుసు. తెలిసే ఆ ఉత్తరం రాశావు. ఎవరి తప్పూ కాదని రాశావు. మందు వాళ్ళ ఒంటికి పట్టలేదని, చచ్చిపోయిన పిల్లలమీదకు తోశావు. నన్ను పారిపోయి రమ్మన్నావు. నేను వచ్చేసి ఉంటే? ఈ ఊళ్ళో పిల్లలందరూ టీకా పడిందన్న పేరుతో, ఒంట్లో ఏమీ లేకుండా, ఆ జబ్బు ముందు నిలబడి ఉండేవాళ్ళు. టీకాయే అబద్ధమని నేనూ నమ్మి బతికేదాన్ని. నాకు నిజం చెప్పమని అడిగాను అత్తా. నిన్ను ఒక్కదాన్నే అడిగాను.

నిన్ను అనడానికి నాకు హక్కు లేదని కూడా తెలుసు. పాఠం నాకు చెప్పారు. పక్కన పెట్టింది నేను. కలంతో పొడిచి ఊడదీసింది నేను. నలకలు చూసి ఊపి కలిపేసింది నేను. నన్ను నమ్మి చొక్కా చెయ్యి పైకి లాక్కుంది బొత్తాం.

ఇప్పుడు వెళ్ళి ఊళ్ళో చెప్పాలి.


రైలు కట్ట పక్క ఇల్లు

పిచ్చుకా,

చెప్పకు. నువ్వు చెప్పకు. నేను వచ్చి చెబుతాను. పాతకాలపు ముసలిది ఒకతి తెలియక చెప్పిన మాట వల్ల ఇలా జరిగిందని వీధిలో నిలబడి నేనే చెబుతాను. వాళ్ళేం చేసినా నన్నే చెయ్యనీ.

ఎలా తెలిసిందో రాస్తాను, నువ్వు అడగకపోయినా. నీ ఉత్తరం రాగానే ఇక్కడి ఆసుపత్రికి పరిగెత్తాను, టీకా పడ్డ పిల్లలకు ఈ జబ్బు ఎలా వస్తుందో ఎవరినైనా అడుగుదామని. అక్కడ నీ వయసు నర్సు ఒకతి మంచు పలకలు బల్లమీద పరిచి, చేతులు కట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. "మంచు కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నావేమిటే?" అని అరిచాను. ఆ పిల్ల నవ్వింది. "చెమట పట్టాలండీ, లేకపోతే సీసాలు గడ్డకట్టి చచ్చిపోతాయి" అంది. చుక్కల మందు తప్ప నీకేం తెలుసు అన్నట్టు చూడలేదు పాపం, మర్యాదగానే చెప్పింది. ఏ మందని అడిగితే నువ్వు మోసిన మందు పేరే చెప్పింది.

ఆ తర్వాత రోజూ కాగితం ముందు పెట్టుకున్నాను. నిజం రాస్తే నువ్వు బతకలేవనిపించింది. ఇంకో మాట కూడా నిజమే, రాస్తే నువ్వు నన్ను చూడవనిపించింది. రెండిట్లో ఏది ఎక్కువో నన్ను అడగకు. జీవితమంతా ఏ చేత్తో పిల్లలను కాపాడానని గొప్పలు చెప్పుకున్నానో, అదే చేత్తో నీకు ఆ ఉత్తరం రాశాను.

నేను బయలుదేరుతున్నాను. బస్సు ఎక్కడ మారాలో రాయి.

అత్త


కొండమీది ఆసుపత్రి
చలి ఇంకా తగ్గలేదు

అత్తా,

రావద్దు. చెప్పేశాను.

ముందు దర్జీకే చెప్పాను, కొట్టులో, ఆయన మిషను దగ్గర నిలబడి. మంచు సంగతి, సీసాల సంగతి, పాఠం సంగతి అన్నీ చెప్పాను. నీ పేరెత్తలేదు. నిన్ను కాపాడటానికి కాదు, నా వెనక నిన్ను నిలబెట్టుకోవడం నాకు సిగ్గనిపించింది. ఆయన చివరిదాకా విన్నాడు. "అయితే పిల్ల ఒంట్లో ఏమీ లేదన్నమాట" అన్నాడు. లేదన్నాను. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు, గుడ్డ లేకుండానే. సూది ఉత్తినే పైకీ కిందకీ ఆడుతోంది. ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి నా సామాను మెట్లమీద ఉంది. బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. కొత్త చొక్కాల్లాగా, మూలకు మూల కలిపి. విసిరేసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆసుపత్రిలోనే, ఆ ఒంటి చెప్పు ఉన్న గదిలో ఉంటున్నాను. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. మీ పిల్లలకు వేసింది పనికిరాని మందు, తప్పు నాది, మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి అని. అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా అని అడిగారు. రొట్టెలు కాల్చేవాడు నన్ను చూసి తలుపు మూసుకోలేదు. తెరిచే ఉంచి, నేను వెళ్ళిపోయేదాకా నావైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను ఇంకోచోటికి బదిలీ చేస్తామని పైవాళ్ళు రాశారు. ఇక్కడికి ఇంకెవరూ రారని తెలుసు కాబట్టి వద్దన్నాను.

బస్సు నడిపేవాడిని బతిమాలాను. ఇప్పుడు మంచుకు చెమట పట్టేదాకా ఆగుతున్నాడు, తిడుతూనే. మందు తెచ్చాను. ఆసుపత్రి గుమ్మంలో బల్ల వేసి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సాయంత్రానికి పలకలు నీళ్ళయ్యాయి. మరోసారి తెచ్చాను. ఎవరూ రాలేదు. ఈలోపు దిగువ వీధిలో ఇంకో పిల్ల పోయింది. నేను మొన్న వాళ్ళ గుమ్మంలో నిలబడి బతిమాలిన ఇల్లే.

ఇవాళ దర్జీ భార్య వచ్చింది, దారాన్ని చెయ్యి పట్టుకుని. భర్తకు తెలుసో లేదో నేను అడగలేదు. ఒకప్పుడు ఇద్దరి మాటలూ తనే మాట్లాడిన మనిషి, నా ముఖం చూడకుండా "సీసా ఊపు" అంది. ఊపాను. "అక్కడ పెట్టు" అంది. బల్లమీద పెట్టాను. ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు కూర్చున్నాం. మందు తెల్లగా అలాగే ఉంది, అడుక్కి ఏమీ దిగలేదు. ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఇంత తేలికా? ఇది చూస్తే తెలిసిపోయేదా?" అంది. తెలిసిపోయేదన్నాను. ఇంకేం చెప్పను అత్తా? తెలిసిపోయేది.

తర్వాత దారం చొక్కా చెయ్యి తనే పైకి లాగింది. ఈసారి ఎక్కడా దాక్కోలేదు. వేశాను. ఏడవలేదు. నేను దూది అద్దుతుంటే రెండో చెయ్యి కూడా చాపింది.

"ఇది బొత్తాంకి" అంది.

వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. దారానికి ఇంకా రెండుసార్లు వెయ్యాలి, వాళ్ళమ్మ తెస్తుందో లేదో తెలియదు. నేను మాత్రం వచ్చే వారం మళ్ళీ పెట్టె పట్టుకుని దిగువకు వెళతాను.

నాకు ఉత్తరాలు రాయి. నీ మోకాళ్ళ గురించి రాయి, పక్కింటావిడ గురించి రాయి. మంచు గురించి మాత్రం ఇక ఎప్పుడూ ఏమీ రాయకు.

పిచ్చుక